పాచికలు ఎవరి చేతిలో?

సంతబొమ్మాళి పేరులోనే సంత వినబడుతున్నది. సంతకు ఒక ధర్మం ఉన్నది. అక్కడ సరుకు కంటికి కనబడుతుంది. కొనేవాడు దానిని చేతిలోనికి తీసుకొని, వాసన చూచి, గింజ కొరికి, అటుపిమ్మట బేరమాడుతాడు. ధర నచ్చకపోతే పక్క దుకాణానికి పోతాడు. అడ్డతో కొలిచినా, కుంచంతో కొలిచినా, కొలత నిండుగా పడుతున్నదో లేదో చూడటానికి పదిమంది కళ్ళు ఉంటవి. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చి దేశమంతటికీ మెట్రిక్ పద్ధతి ఏర్పడింది. 1977 నాటి నియమాలు, పొట్లం కట్టి అమ్మే సరుకుమీద లోపల ఏమున్నదో, ఎంత ఉన్నదో వ్రాయవలెనని శాసించినవి. తప్పుడు రాయితో తూచితే నేరం అమ్మినవానిది. మోసపోయి కొన్నవానిది కాదు. ఇది ఎవరూ తర్కించి తేల్చవలసిన విషయం కాదు.

ఈ సంతధర్మం ఇంకా పూర్తిగా అడుగుపెట్టని బజారు ఒకటి ఇప్పుడు మన ఇళ్ళలోనే వెలసింది. సెల్‌ఫోనులలో పిల్లలు ఆడుకొనే వీడియో ఆటలలోని దుకాణం అది. ఆట ఉచితం. కాని ఆటలో వేసుకొనే చొక్కాకు, పట్టుకొనే ఆయుధానికి, ఓడిపోయినపుడు మళ్ళీ లేచి నిలబడటానికి వెల ఉన్నది. ఆ వెల పది రూపాయలు కావచ్చు, ముప్పది కావచ్చు. ఇంగ్లీషులో దీనిని మైక్రో ట్రాన్సాక్షన్ అంటారు; మనం చిల్లర కొనుగోలు అనుకొందాము. ఈ చిల్లర కొనుగోలు చరిత్ర ఏమిటి, అందులో అమ్మేవాని బాధ్యత ఏ కాలంలో ఎంతవరకు వచ్చింది అనేది నేటి ప్రసంగవిషయం.

చిల్లర అనగానే చులకన భావం కలగటం సహజం. ఆ చులకన ఎంత ప్రమాదమో తెలియటానికి సంతబొమ్మాళి ప్రాంతంవారు దూరం పోనక్కరలేదు. పక్కనే నౌపడా ఉప్పుమళ్ళు ఉన్నవి. మద్రాసు రాజధానిలో ఉప్పు 1805లోనే ప్రభుత్వపు గుత్త వ్యాపారమైంది. 1924 తరువాత మణుగు ఉప్పుకు పన్ను రూపాయి నాలుగణాలు. మణుగుకు 82 పౌనులు కనుక లెక్కవేస్తే పౌనుకు మూడు దమ్మిడీలు కూడా పూర్తిగా పడదు. మూడు దమ్మిడీలంటే పావు అణా. కూలివాడు కూడా దానిని గుర్తించి ఏడ్చేటంత మొత్తం కాదు. పన్ను వెలలో కలిసిపోయి ఉండేది. కట్టుతున్నామన్న సంగతి కట్టేవానికి స్పష్టంగా తెలిసేది కాదు. అయినా ఆ పావు అణాలు కూడి కోట్ల రూపాయల రాబడి అయినవి. 1930లో గాంధీగారు దండికి నడచి, దేశానికి ఆ కనబడని దమ్మిడీని కనబడేటట్లు చేసినారు. 1947లో ఆ పన్ను రద్దయింది. ఉప్పుకూ ఆటబొమ్మకూ పోలిక ఏమిటని ఎవరైనా అడగవచ్చు. ఉప్పు లేక ప్రాణి బ్రతకదు, ఆట లేక బ్రతుకుతుంది. ఆ తేడా పెద్దదే. నేను చెప్పేది ఒక్క సంగతి: కొద్దికొద్దిగా, కనబడకుండా తీసుకొనే సొమ్ముకు లెక్క అడిగేవారు ఆలస్యంగా పుడతారు.

ఆటలో సొమ్ము చేరినపుడు ఆడించేవాని బాధ్యత ఏమిటనే ప్రశ్న కొత్తది కాదు. ఋగ్వేదంలోనే జూదరి తన దుర్దశను తానే చెప్పుకొన్న సూక్తం ఒకటి ఉన్నది. నలోపాఖ్యానంలో పాచికలలో ద్వాపరుడు ప్రవేశించి ఉంటాడు. నలుడు చూచేది దంతపు ముక్కలను మాత్రమే. అయితే పురాణం ఓడినవాని వ్యసనంమీద ఎక్కువ దృష్టి నిలిపింది. పాచికమీద దృష్టి నిలిపినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రం మూడవ అధికరణంలోని ద్యూతప్రకరణం చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. జూదం ఒక్కచోటనే జరగాలి, దానికి ద్యూతాధ్యక్షుడనే అధికారి ఉండాలి, వేరొకచోట ఆడితే 12 పణాల దండుగ. గవ్వలను, పాచికలను ఆ అధికారే ఉంచాలి. అవి శుద్ధమైనవి కావాలి. ఆయన ఇచ్చిన పాచికలు తీసి వేరేవి పెట్టినవానికి దండుగ. కపటంగా ఆడినవానికి దండుగతోబాటు గెలుచుకొన్న సొమ్ము కూడా పోతుంది. గెలిచిన సొమ్ములో నూటికి అయిదు అధ్యక్షునికి, అంటే రాజుకు, చెందుతుంది. పాచికల అద్దె, స్థలపు అద్దె వేరు. కౌటిల్యుడు దయామయుడై ఈ ఏర్పాటు చేయలేదు. జూదశాలలో రహస్యంగా తిరిగే దొంగలను కనిపెట్టటం అతని ఉద్దేశం. అయినప్పటికీ ఆడించే స్థలంవారికి రాబడి ఉన్నది కనుక పాచికల శుద్ధికి జవాబుదారీ కూడా ఉన్నదనే నియమం ఆ గ్రంథంలో చక్కగా కనబడుతున్నది.

తరువాతి కాలపు చట్టాలలో ఈ చూపు మందగించింది. మద్రాసు రాజధానిలో 1930 నాటి జూదచట్టం, హైదరాబాదు రాజ్యంలో నైజాం కాలపు చట్టం, ఆ తరువాత 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చినవి. జూదపుటిల్లు నడిపేవానికి వీటిలో శిక్ష లేకపోలేదు. కాని ఆచరణలో పోలీసు దాడి అంటే పేకముక్కలతో దొరికినవారిని వరుసగా కూర్చోబెట్టడమే మనకు గుర్తుకు వస్తుంది. న్యాయస్థానాలలో నడిచిన వాదం కూడా చాలవరకు ఒక్కటే: ఆట నేర్పుదా, అదృష్టానిదా?

ఆ వాదంలో ప్రసిద్ధికెక్కిన వ్యాజ్యం మన తెలుగునాటిదే. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బుమీద పోలీసులు దాడి చేసినారు. సభ్యులు రమ్మీ ఆడుతున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణ ప్రభృతులకూ మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పింది. మూడుముక్కలాటవంటిది కాదు రమ్మీ. పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకొనాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నేర్పుకు సంబంధించిన ఆట అని న్యాయస్థానం అభిప్రాయపడింది. ఈ మాటను తరువాతి అర్ధశతాబ్దంలో వేలసార్లు ఉదహరించినారు. ఇంటర్నెట్ రమ్మీ సంస్థలకు అది కవచమైంది. కాని అదే తీర్పులో మరొక మాట కూడా ఉన్నది. ఆ ఆటమీద పందెం కట్టించి ఇంటి యజమానిగాని, క్లబ్బుగాని లాభం చేసుకొంటున్నట్లు సాక్ష్యం ఉంటే నేరం నిలబడవచ్చునని న్యాయమూర్తులు జాగ్రత్తగా చెప్పినారు. కవచంగా పట్టుకొన్నవారు ఈ రెండవ మాటను బిగ్గరగా చదివినట్లు కనబడదు. నా దృష్టిలో అసలు ప్రశ్న అక్కడే ఉన్నది: ఆట ఎట్టిదని కాదు, ఆడించేవానికి ఏమి దక్కుతున్నది, దేనివలన దక్కుతున్నది?

ఇక యంత్రపు ఆటల సంగతి. 1978లో జపానులో స్పేస్ ఇన్వేడర్స్ వచ్చినపుడు నాణెం వేస్తే ఒక ఆట. నాణెం చేతిలోనుండి జారటం ఆడేవానికి తెలుస్తుంది. జేబు ఖాళీ అయితే ఇంటికి పోతాడు. తరువాత ఇళ్ళలోనికి ఆటపెట్టెలు వచ్చినవి. ఆటను ఒక్కసారి కొనుక్కొంటే మీదే. మా రేడియోవారి పాత లైసెన్సు రుసుమువంటిదన్నమాట. ఏడాదికి ఒకసారి పోస్టాఫీసులో కట్టేవారు. ఇంత అని ముందే తెలుసు. పాట మధ్యలో ఆపి, చివరి చరణానికి అర్ధరూపాయి ఇమ్మని మేము ఎన్నడూ అడగలేదు.

2000 సంవత్సరం దాటిన తరువాత దక్షిణ కొరియా సంస్థలు ఆటను ఉచితంగా ఇచ్చి ఆటలోని వస్తువులను అమ్మే పద్ధతిని బలంగా వ్యాపింపజేసినవి. 2006లో అమెరికాలో ఆబ్లివియన్ అనే ఆటలో గుఱ్ఱానికి వేసే కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మితే ఆటగాళ్ళు పకపకా నవ్వినారు. నవ్వినవారు నవ్వుతూనే ఉండగా పద్ధతి స్థిరపడింది. ఇంతవరకు పెద్ద దోషం లేదు. గుఱ్ఱపు కవచం కనబడుతున్నది, వెల కనబడుతున్నది, ఇష్టమైతే కొంటాము. ఆట వ్రాసే ఇంజనీరు కూడా కూలి తీసుకొనవలసినవాడే గదా! సొమ్ము పుచ్చుకోవటమే తప్పనే వాదాన్ని నేను అంగీకరించను.

దోషం పెట్టెతో వచ్చింది. లూట్ బాక్సు అనే అదృష్టపు పెట్టెను ఆటగాడు డబ్బు పెట్టి కొంటాడు. లోపల ఏమున్నదో కొన్న తరువాతనే తెలుస్తుంది. నా వయస్సువారు చిన్నతనంలో బడ్డీకొట్టు ముందు నిలబడి పావలా ఇచ్చి అట్టకు అంటించిన చీటీ చించినవారే. నూటికి తొంభైసార్లు బిళ్ళ చాక్లెట్టు వచ్చేది. కాని బహుమానాలు అట్టమీదనే వ్రేలాడుతూ ఉండేవి. పెద్ద బొమ్మ పోయిందో, ఇంకా ఉన్నదో పిల్లవాని కంటికి కనబడేది. పోయిన అట్టమీద ఎవడూ పావలా పెట్టడు. ఫోనులోని పెట్టెకు ఆ అట్ట లేదు. పైగా రూపాయలతో నేరుగా కొనటం ఉండదు. ముందు వజ్రాలనో నాణేలనో కొని వాటితో పెట్టెను కొనాలి. ఎనభై వజ్రాలు అంటే ఎన్ని రూపాయలో పదేళ్ళ పిల్లవాడు లెక్కకట్టడు. పెద్దవాడైనా ఆట ఉద్రేకంలో కట్టడు.

ఈ పెట్టెలో పాచిక ఎవరి చేతిలో ఉన్నదో చెప్పే చరిత్ర ఒకటి కొరియాలోనే జరిగింది. 2003లో మొదలైన మేపుల్ స్టోరీ అనే ఆటలో, ఆటగాని సామగ్రికి ఉన్న శక్తులను మళ్ళీ చీటీ వేసినట్లు మార్చే క్యూబ్ అనే వస్తువును నెక్సాన్ సంస్థ 2010లో అమ్మకానికి పెట్టింది. అదే సంవత్సరం, అందరూ కోరే శక్తులు తక్కువగా వచ్చేటట్లు లోపలి లెక్కను మార్చింది. 2011లో మరింత ముందుకు పోయి, ఎక్కువమంది ఆశపడే కొన్ని కూర్పులు వచ్చే అవకాశాన్ని సున్న చేసింది. సున్న అంటే ఎంత డబ్బు పోసినా రావు. ఈ సంగతి ఆటగాళ్ళకు చెప్పలేదు. పదేళ్ళపాటు జనం రానిదానికొరకు కొంటూనే పోయినారు. 2021లో గుట్టు బయటపడినపుడు ఆటగాళ్ళు లారీలకు వెలుగుబోర్డులు కట్టి నిరసనగా వీధులలో తిప్పించినారు. 2024 జనవరిలో కొరియా ప్రభుత్వపు న్యాయవ్యాపార సంఘం సుమారు 1,160 కోట్ల వాన్ల జరిమానా విధించింది. ఆ ఏడాది మార్చి నుండి, అవకాశం నూటికి ఎంతో ప్రకటించి తీరాలనే చట్టం అక్కడ అమలులోనికి వచ్చింది. సెప్టెంబరులో వినియోగదారుల వివాద పరిష్కార సంఘం సుమారు 8 లక్షలమందికి 2,190 కోట్ల వాన్ల పరిహారం ఇవ్వవలెనని నిర్ణయించగా సంస్థ ఒప్పుకొన్నది. నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు ఒక ఆటగానికి అతడు పెట్టిన సొమ్ములో నూటికి అయిదు వంతులు తిరిగి ఇవ్వవలెనన్న క్రింది కోర్టు తీర్పును ఖాయపరచింది. ద్యూతాధ్యక్షుని వంతు నూటికి అయిదు, ఇక్కడ తిరిగి వచ్చిందీ నూటికి అయిదే, కాకతాళీయమే అనుకోండి. కౌటిల్యుడైతే జితద్రవ్యమంతా కక్కించేవాడు.

ఇతర దేశాలు ఎవరి త్రోవన వారు పోయినారు. జపాను 2012లోనే, చీటీలలో వచ్చిన బొమ్మలన్నీ జత కూడితేగాని పెద్ద బహుమానం ఇవ్వని పద్ధతిని చట్టవిరుద్ధమన్నది. చైనా 2017 మే నుండి అవకాశాల లెక్క ప్రకటించమన్నది. ఆ ఏడాది నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ స్టార్ వార్స్ బ్యాటిల్ ఫ్రంట్ రెండవ భాగాన్ని విడుదల చేయబోయేముందు పెద్ద అల్లరి జరిగింది. ఆటను పూర్తి వెల పెట్టి కొన్నవారుకూడా ముఖ్యపాత్ర చేతికి రావాలంటే సుమారు 40 గంటలు ఆడవలసి వస్తుందని ఆటగాళ్ళు లెక్కతేల్చినారు. సంస్థ విడుదల ముందు ఆ చిల్లర కొనుగోళ్ళను ఆపివేసింది. బెల్జియం 2018లో డబ్బు పెట్టి కొనే అదృష్టపు పెట్టె జూదమేనని తేల్చింది. పక్కనున్న నెదర్లాండ్స్‌లో కథ తిరగబడింది. అక్కడి అధికారులు ఫుట్‌బాల్ ఆటలోని పెట్టెలకుగాను అదే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు వేసిన కోటి యూరోల జరిమానాను ఉన్నత న్యాయస్థానం 2022 మార్చిలో కొట్టివేసింది. ఆ పెట్టె విడిగా ఒక ఆట కాదు, పెద్ద నేర్పుటాటలో భాగమని కారణం చెప్పింది. సికింద్రాబాదు క్లబ్బునాటి ప్రశ్న నెదర్లాండ్స్ దాకా పోయి, అమ్మేవానిని మళ్ళీ విడిపించిందన్నమాట.

అమెరికా ప్రభుత్వపు వ్యాపారసంఘం మాత్రం జూదమా కాదా అనే చిక్కులోనికి పోలేదు. సంతలో అడిగే ప్రశ్ననే అడిగింది: కొన్నవాడు తెలిసి కొన్నాడా? 2014లో యాపిల్ సంస్థ, తల్లిదండ్రులు ఒకసారి రహస్యపదం నొక్కితే పదిహేను నిమిషాలపాటు పిల్లలు ఎన్నైనా కొనేటట్లు ఉంచి, ఆ సంగతి చెప్పనందుకు 3 కోట్ల 25 లక్షల డాలర్లు వాపసు ఇవ్వవలసి వచ్చింది. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసిన ఎపిక్ గేమ్స్ 24 కోట్ల 50 లక్షల డాలర్లు కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వటానికి ఒప్పుకొన్నది. తెర నిద్రనుండి లేచేటపుడు, వస్తువును ఊరక చూచేటపుడు, ఒక్క మీట తగిలితే కొనుగోలు జరిగిపోయేటట్లు మీటలు అమర్చినారని ఆరోపణ. సొమ్ము విషయంలో బ్యాంకుకు ఫిర్యాదు చేసినవారి ఆట ఖాతాలకు తాళం వేసినారని మరొక ఆరోపణ. మీట ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఆడేవాడు కాదు గదా.

మన దేశంలో 2016లో యూపీఐ వచ్చింది, ఆ వెనుకనే డేటా చవక అయింది. ఉద్దానంనుండి, టెక్కలినుండి దూరపు పట్నాలకు పనికి పోయినవారు సంపాదించిన దానిని ఫోనులోనే ఇంటికి పంపుతున్నారు. అదే ఫోను సాయంకాలం పిల్లవాని చేతికి వస్తుంది. మూత్రపిండాల జబ్బుతో మందులకు, డయాలసిస్‌కు రూపాయి రూపాయి లెక్కపెట్టుకొనే కుటుంబాలున్న సీమ అది. అక్కడ ముప్పది రూపాయలు పదిసార్లు పోవటం చిల్లర విషయం కాదు.

చట్టాలు వచ్చినవి. తెలంగాణ 2017లో జూదచట్టాన్ని సవరించి, పందెం ఉంటే నేర్పుటాటకు కూడా మినహాయింపు లేదన్నది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో అదే త్రోవ పట్టింది. నిర్వాహకులకు మొదటిసారి ఏడాది శిక్ష, ఆడినవారికి ఆరు నెలలు అని అప్పుడు ప్రకటించినారు. ఆ అక్టోబరులో ముఖ్యమంత్రి 132 వెబ్‌సైట్లను, యాప్‌లను అడ్డగించవలెనని కేంద్రానికి లేఖ వ్రాసినారు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం మరొక అడుగు వేసింది. నేర్పా, అదృష్టమా అనే పాత ప్రశ్నను అది ప్రక్కకు నెట్టింది. సొమ్ము గెలుచుకొనే ఆశతో సొమ్ము పెట్టే ఆటను నడిపేవారికి మూడేళ్ళవరకు ఖైదు, కోటి రూపాయలవరకు జరిమానా అన్నది. ఆడినవానిని శిక్షించే సెక్షను అందులో పెట్టలేదు. 1974 నుండి 2025 వరకు వరుసగా చూస్తే చట్టపు చూపు ఆడేవానిమీదనుండి ఆడించేవానిమీదికి మెల్లగా జరగటం కనబడుతుంది. ఇది చిన్న మార్పు కాదు.

కాని ఆ చట్టం ముఖ్యంగా పందేలను దృష్టిలో పెట్టుకొని వ్రాసినది. గెలిస్తే డబ్బు రాని, రంగుచొక్కా మాత్రమే వచ్చే పెట్టెను పేరుపెట్టి చెప్పలేదు. ఆ పెట్టెకు దగ్గరగా వచ్చేది 2023 నవంబరు 30న వినియోగదారుల రక్షణ చట్టం క్రింద వచ్చిన మార్గదర్శకాలు. కొనేవానిని మభ్యపెట్టే అమరికలు, అంటే డార్క్ ప్యాటర్న్‌లు, పదమూడింటిని అవి పేర్కొన్నవి. కాలం అయిపోతున్నదని తప్పుడు తొందర పెట్టడం, విడువకుండా వేధించటం, వెలను కొద్దికొద్దిగా బయటపెట్టడం వాటిలో ఉన్నవి. ఆటలోని దుకాణంలో ఈ మూడూ నిత్యం కనబడేవే. ఆట తయారుచేసేవారికి ఇంకా స్పష్టంగా చెప్పవలసినవి ఉన్నవని నా అభిప్రాయం. వెల వజ్రాలలో కాక రూపాయలలో కనబడాలి. పెట్టెలో ఏది నూటికి ఎన్నిసార్లు వస్తుందో తెలుగు చదివే తల్లికి తెలుగులో కనబడాలి. ఆ లెక్కను మార్చిననాడు మార్చినట్లు చెప్పాలి. పిల్లవాడు పెద్దలకు తెలియక కొన్నది వాపసు కావాలి.

ఆట మూతపడితే కొన్నవి ఏమవుతవో కూడా చెప్పాలి. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌ను దేశభద్రత కారణంగా నిషేధించిన తరువాత, డబ్బుపెట్టి కొన్న చొక్కాలు, తుపాకులు అందకుండా పోయినవి. మరుసటి ఏడాది వేరే పేరుతో ఆట తిరిగి వచ్చి పాత ఖాతాలను చేర్చుకొన్నది గనుక కొందరికి దక్కినవి. సంతలో కొన్న తట్ట సంత ఎత్తివేసినా మన ఇంట్లోనే ఉంటుంది.

బాధ్యత అంటే ఎవరిది అనేది కూడా చూడాలి. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు కార్యాలయం ఉన్నది; మన జిల్లాల పిల్లలు ఇంజనీరింగు చదివి ఈ పనిలోనే జీవనం చేస్తున్నారు. మీట ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టిన ఉద్యోగిని నిలదీయటం, పేకాటలో దొరికిన కూలివానిని కూర్చోబెట్టడంవంటిదే. మీట అక్కడ పెట్టమన్నవాడు, లెక్క మార్చమన్నవాడు, రాబడి పుచ్చుకొన్నవాడు జవాబు చెప్పాలి.

జవాబు అడగటానికి సంతబొమ్మాళివాసి సంస్థ ఉన్న నగరానికి పోనక్కరలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే వ్యాజ్యం వేయవచ్చు. శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. దానికి ముందు జాతీయ వినియోగదారుల సహాయకేంద్రానికి 1915 అనే నంబరుకు టెలిఫోను చేయవచ్చు. చేసేముందు, సొమ్ము పోయిన తేదీ, యూపీఐ రసీదు సంఖ్య, ఆట పేరు, తెరమీద కనబడిన కొనుగోలు పేజీ ఫొటో దగ్గర పెట్టుకొనటం అవసరం. ఆటను కోపంలో ఫోనునుండి తీసివేయవద్దు. కొనుగోలు వివరాలు కొన్ని ఆ ఆట ఖాతాలోనే ఉంటవి.